ఎనిమిది వేల ప్రదక్షిణలు

కొత్తగా బోరు చేయించిన ఇంజిన్ని మొదట్లో ఎలా తోలాలో తెలియనివాళ్లు ఈ లోకంలో ఇద్దరే ఉన్నారని మా ఆఫీసు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒకరు ఆ ఇంజిన్ని విప్పి బిగించిన మెకానిక్ గవర్రాజు. రెండోవారు దాన్ని పద్దెనిమిదేళ్లుగా తోలుతున్న డ్రైవరు సూరప్పడు. ఆ తీర్మానం రాసింది నేనే. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందనీ, నేను కొట్టివేతలు లేకుండా రాస్తాననీ ఆఫీసులో మంచి పేరుంది.

మాది పశువైద్యం చూసే డివిజన్ ఆఫీసు. ఏ జిల్లాలో ఉందో చెప్పను. చెబితే మిగతా జిల్లాలవాళ్లు తమనెందుకు వదిలేశానని నొచ్చుకుంటారు. మా ఆఫీసుకి ఒక సంచార వైద్యశాల ఉంది. పేరు పెద్దదే గానీ మనిషి కళ్లకి అది ఒక తెల్ల వ్యాను. అందులో డాక్టరు, ఒక సహాయకుడు, మందుల పెట్టె, కడుపులో దూడ అడ్డం తిరిగితే సర్ది లాగడానికి తాళ్లూ కొక్కేలూ ఉంటాయి. జబ్బుపడ్డ పశువు మన దగ్గరికి రాలేదు కాబట్టి మనమే దాని దగ్గరికి వెళ్లాలని ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో అనుకున్నాడు. తర్వాత ఆయన బదిలీ అయిపోయాడు.

ఆ వేసవిలో వ్యాను ఇంజిను పడుకుంది. దాన్ని బాగుచేయించాలన్న ఫైలు నాలుగు నెలలు తిరిగింది, పని మాత్రం నాలుగు రోజుల్లో అయిపోయింది. గవర్రాజు అరిగిన సిలిండర్లని తొలిపించి, అంటే బోరు కొట్టించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేసి, వ్యానుని తెచ్చి మా ఆవరణలో నిలబెట్టాడు. అలవాటు ప్రకారం బిల్లు వెనక నాలుగు ముక్కలు రాశాడు. మొదటి వెయ్యి కిలోమీటర్లు చూసి తోలాలి, నలభై స్పీడు దాటొద్దు, బరువు వేయొద్దు, వెయ్యి అయ్యాక ఆయిలు మార్చాలి. అంతే.

రాయనిది నోటితో సూరప్పడికి చెప్పాడు. ఊళ్ల మీద తిప్పమన్నాడు. గేర్లు మారుస్తూ, కాసేపు తొక్కుతూ కాసేపు వదులుతూ తోలమన్నాడు. ఒక్కచోట నిలబెట్టి ఇంజిను ఆన్‌లో వదిలేయొద్దన్నాడు, అలాగని మరీ ఎడ్లబండిలా పాకించొద్దన్నాడు. పాకిస్తే రింగులు బోరుకి ఒరుసుకుని సర్దుకోవట, బోరు నున్నబడిపోతుందట. నేను పక్కనే ఉన్నాను, అంతా విన్నాను. కానీ మా ఆఫీసులో చెవితో విన్నదానికి నంబరు పడదు. బిల్లు వెనక ఉన్నదానికి నంబరు పడింది, అది ఫైలయింది, డీడీ గారి బల్ల మీదికి వెళ్లింది.

డీడీ గారంటే మా డిప్యూటీ డైరెక్టరు, డాక్టర్ వైకుంఠరావు గారు. పశువుని చేత్తో తాకి పదిహేనేళ్లయినా పశువుల మీద మమకారం తగ్గని మనిషి. కొత్త విధానం ఏదైనా కనబడితే ఆయనకి నిద్ర పట్టదు, మాకూ పట్టనివ్వరు. బిల్లు వెనక రాత చదవగానే ఆయన కళ్లు మెరిశాయి. ఇన్నాళ్లూ మన శాఖ బాగుచేసిన ప్రతిదాన్నీ మొరటుగా వాడేసిందనీ, ఇకమీదట మృదువుగా మొదలుపెట్టడమే మన విధానమనీ అన్నారు. ఆ మధ్యాహ్నానికే 'నూతన యంత్ర మృదుచాలన పర్యవేక్షక సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు డీడీ గారు. సభ్యుడు సూపరింటెండెంటు పేరిశాస్త్రి గారు. రాసేవాణ్ణి నేను.

సంఘం మొదటి సమావేశానికి వ్యాను డాక్టరు స్వర్ణలత గారిని పిలిచారు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన పిల్ల. ఆమె అడిగింది ఒక్కటే, వ్యాను ఎప్పుడు ఊళ్లలోకి వెళుతుందని. దానికి కారణం ఉంది. జీలుగువలసలో పోలమ్మ అని ఒకావిడ ఉంది. ఒక్క గేదె. ఆ గేదె పాల మీదే ఆమె, మంచం పట్టిన ఆమె తల్లి బతుకుతున్నారు. కిందటి ఈతలో దూడ ముందుకాలు మడతపడి అడ్డం వస్తే, వ్యాను వేరే ఊళ్లో ఉండటంతో నలుగురు మగాళ్లు కలిసి తాడేసి లాగారు. దూడ చచ్చింది, గేదె లేచి నిలబడటానికి నెల పట్టింది. ఇప్పుడు మళ్లీ చూడితో ఉంది. స్వర్ణలత గారు చెయ్యి పెట్టి చూసి, దూడ పెద్దదిగా ఉంది, ఈసారి కూడా ఇబ్బందే, నొప్పులు మొదలవగానే ఫోన్ చెయ్యి, పెట్టె తాళ్లు అన్నీ పట్టుకుని నేను వచ్చేస్తానని మాట ఇచ్చింది. నెలన్నర గడువుంది.

నెలన్నర చాలా ఎక్కువని డీడీ గారు అభయమిచ్చారు. తర్వాత శాస్త్రిగారు బిల్లు వెనక రాతకి భాష్యం మొదలుపెట్టారు. శాస్త్రిగారి బుర్ర సామాన్యమైంది కాదు. ఆయన చెప్పినదాంట్లో ఈ రోజుకీ నాకు ఒక్క తప్పు దొరకలేదు. బరువు వేయొద్దన్నారు. డాక్టరు బరువు. సహాయకుడు బరువు. మందుల పెట్టె మహా బరువు. ఇవన్నీ దించేస్తే వ్యానుకి విధి లేదు. విధి లేకుండా ప్రభుత్వ వాహనం రోడ్డెక్కితే అది సొంత వాడకం. సొంత వాడకం నేరం. కాబట్టి వ్యాను తిరగాలి, రోడ్డు మీద తిరగకూడదు. రోడ్డు కానిదీ మనదీ అయిన నేల ఒక్కటే ఉంది.

మేమందరం కిటికీలోంచి ఆవరణ వైపు చూశాం.

సూరప్పడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని, "బాబూ, గవర్రాజు రోడ్డు మీద తిప్పమన్నాడండి. ఇక్కడిక్కడే పాకిస్తే ఇంజిను పాడైపోద్దని గట్టిగా సెప్పినాడు" అన్నాడు.

"అది రాతలో ఉందా?" అన్నారు శాస్త్రిగారు.

సూరప్పడు బిల్లు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. లేదు. ఆ విషయం మినిట్స్‌లో రాయమన్నారు, రాశాను. ఇక మిగిలింది సూరప్పడి బరువు. అతను ఎనభై రెండు కిలోలు. దీని మీద అరగంట చర్చ జరిగి, డ్రైవరు వాహనంలో విడదీయరాని భాగం కాబట్టి అతన్ని బరువుగా పరిగణించనవసరం లేదని మినహాయింపు ఇచ్చారు. అతని క్యారేజీకి మాత్రం మినహాయింపు రాలేదు. అన్నం కిందే పెట్టి ఎక్కమన్నారు. మందుల పెట్టె, తాళ్లు, కొక్కేలు స్టోర్లోకి చేరాయి. తలుపుకి సీలు పడింది. వెయ్యి కిలోమీటర్లు పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చేదాకా సీలు తీయరాదని రాశాను.

వ్యాను మీటరు పనిచేయడం మానేసి ఆరేళ్లయింది. అందుకని నేనూ అటెండరూ టేపు పట్టుకుని ఆఫీసు చుట్టూ కొలిచాం. నూట ఇరవై అయిదు మీటర్లు వచ్చింది. ఎనిమిది రౌండ్లకి కిలోమీటరు. వెయ్యి కిలోమీటర్లకి ఎనిమిది వేల రౌండ్లు. ఇన్ని రౌండ్లు ఎలా గుర్తుపెట్టుకోవడమని నేను దిగులుపడుతుంటే శాస్త్రిగారు సొరుగు తెరిచి ఒక కట్ట తీశారు. ఆయన ప్రతి శనివారం గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తారు. దానికోసం అచ్చువేసిన కార్డులు అవి, ఒక్కోదాంట్లో నూట ఎనిమిది గళ్లు. ఒక రౌండుకి ఒక టిక్కు. డెబ్బై నాలుగు కార్డులు నిండి డెబ్బై అయిదోదాంట్లో ఎనిమిది గళ్లు నిండితే వెయ్యి కిలోమీటర్లు. ఈ సదుపాయం మా ఆఫీసులో సిద్ధంగా ఉన్నందుకు డీడీ గారు చాలా సంతోషించారు.

మరుసటి సోమవారం శాస్త్రిగారు చూసిన ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మొదలుపెట్టాం. వరండాలో నాకు బల్ల, కుర్చీ వేశారు. వ్యాను నా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా టిక్కు పెట్టడం నా పని. ఇరుకు మలుపుల్లో సూరప్పడు గంటకి పది కిలోమీటర్లు దాటలేడు, నలభై దాటే ప్రమాదం తప్పిందని రాశాను. రోజుకి నాలుగు గంటలు, మూడు వందల ఇరవై రౌండ్లు. కార్డు నిండినప్పుడల్లా ఇంజినుకి విశ్రాంతి ఇవ్వాలన్నారు. విశ్రాంతి అంటే ఆపడం కాదు, ఆన్‌లోనే ఉంచి నిలబెట్టడం. హఠాత్తుగా ఆపితే అది మృదువు కాదని డీడీ గారి అభిప్రాయం.

స్వర్ణలత గారు వరండాలో ఇంకో చివర కూర్చునేది. సంచార డాక్టరు వ్యాను లేకుండా సంచరించడం కుదరదు కాబట్టి, తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా ఆఫీసు విడిచి వెళ్లరాదని ఆమెకి కాగితం ఇచ్చాం. ఊళ్ల నుంచి ఫోన్లు వచ్చేవి. గొర్రెలకి పారుడు, ఆవుకి పొదుగువాపు. ఆమె ఫోన్లోనే మందులు చెప్పి, తర్వాత చాలాసేపు వ్యాను వైపు చూసేది. ఆఖర్న ప్రతిరోజూ నా దగ్గరికొచ్చి ఎన్నయ్యాయని అడిగేది. నేను కార్డులు చూపించేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, అన్ని టిక్కులూ ఒకే కొలతలో, ఒకే వాలుతో చూడముచ్చటగా ఉండేవి.

వారం తిరిగేసరికి మా సంగతి ఊళ్లో పాకింది. ఆఫీసులో ఏదో మొక్కు ఉందని జనం అనుకున్నారు. పెన్షను కాగితం కోసం వచ్చిన ఒక ముసలాయన చెప్పులు విప్పి వ్యాను వెనకే మూడు చుట్లు తిరిగి, ఏ దేవుడు బాబూ అని నన్నడిగాడు. డీడీ గారు పై ఆఫీసుకి నివేదిక పంపారు. యంత్రమూ జీవే అన్న భావనతో పశుశాఖ చేస్తున్న తొలి ప్రయత్నమని అందులో ఉంది. పై ఆఫీసు మెచ్చుకుంటూ జవాబు రాసి, మిగతా డివిజన్లవాళ్లు వచ్చి చూసి నేర్చుకోవాలని ఆదేశించింది. వాళ్లు జీపుల్లో వచ్చారు. ఆ జీపులు ఆవరణలో నిలబెట్టడంతో రెండు రోజులు వ్యాను తిరగడానికి చోటు లేకపోయింది.

రెండు వేల నాలుగు వందల రౌండ్ల దగ్గర ఎడమవైపు టైర్లు అరిగిపోవడం కనబడింది. ఎప్పుడూ కుడికే తిరుగుతోంది కదా. ఇకనుంచి ఎడమకి తిప్పుతానని సూరప్పడు అన్నాడు. శాస్త్రిగారు చెవులు మూసుకున్నారు. అప్రదక్షిణం అపరకర్మల్లో తప్ప చేయరాదట, నడుస్తున్న ఆఫీసు చుట్టూ అసలే చేయరాదట. ఎడమ టైర్లు కుడికీ, కుడివి ఎడమకీ మార్చి మళ్లీ కుడికే తిప్పించారు. ఇంకోరోజు వాన జల్లు కొట్టి నా బల్ల మీద మూడు కార్డులు తడిసి సిరా అలుక్కుపోయింది. ఆనవాలు లేని రౌండ్లు తిరిగినట్టు కాదని సంఘం తేల్చింది. మూడు వందల ఇరవై నాలుగు రౌండ్లు మళ్లీ తిరిగాడు సూరప్పడు. సాయంత్రం దిగాక అతను తిన్నగా నడవలేక గోడ పట్టుకుని గేటుదాకా వెళ్లేవాడు. ఇంటికెళ్లినా మంచం కుడికి తిరుగుతోందని చెప్పాడు.

అయిదు వేలు దాటాక పొగ మొదలైంది. ముందు పల్చగా, తర్వాత నీలంగా, ఆ తర్వాత మా ఫైళ్లకి కూడా ఆ వాసన పట్టింది. సూరప్పడు బానెట్టు తెరిచి చూసి, మొహం మాడ్చుకుని డీడీ గారి గదిలోకి వెళ్లాడు. రింగులు కూర్చోలేదనీ, ఆయిలు తాగేస్తోందనీ, ఇప్పటికైనా నాలుగు రోజులు రోడ్డు మీద గట్టిగా తోలితే దారికొస్తుందేమోననీ బతిమాలాడు. డీడీ గారు చాలా ఓపిగ్గా విన్నారు.

"ఈనిన పశువుకి మాయ పడదా?" అన్నారు. "ఇదీ అంతే. లోపలి మలినం పోతోంది. పోనివ్వాలి గానీ కంగారుపడి అడ్డుకోకూడదు."

ఈ వాక్యం ఆయన రెండో నివేదికలోకి వెళ్లింది. పై ఆఫీసువాళ్లు దాన్ని చాలా ఇష్టపడ్డారని విన్నాను.

ఇలా నెలన్నర గడిచింది. ఆ రోజు గురువారం. సరిగ్గా గుర్తుంది, ఎందుకంటే డెబ్బై నాలుగో కార్డు నా చేతిలో ఉంది. పొద్దున ఆఫీసు తెరిచేసరికే స్వర్ణలత గారికి ఫోన్ వచ్చింది. పోలమ్మ గేదెకి నొప్పులు మొదలయ్యాయి. ఆమె డీడీ గారి గది ముందు నిలబడింది. ఆయన రాలేదు. గంట గడిచాక ఆయన వచ్చారు, ఆయన వెనకే ఆటోలో పోలమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, చేతులకి పేడ అంటుకుని, గేదెని పక్కింటావిడకి అప్పజెప్పి అలాగే ఎక్కి వచ్చేసినట్టుంది. ఆటోని గేటు దగ్గరే ఉంచింది.

"డాట్రమ్మా, నీరు కుండ పగిలిపోనాది. ఒక్క కాలే కనపడతన్నాది. రా తల్లీ" అంది.

డీడీ గారు పరిస్థితి ఏమిటని నన్ను అడిగారు. ఏడు వేల తొమ్మిది వందల యాభై రెండు అయ్యాయని, ఇంక నలభై ఎనిమిది మిగిలాయని చెప్పాను. అంటే ఆరు కిలోమీటర్లు. డీడీ గారి మొహం విప్పారింది. చూశారా, సరిగ్గా సమయానికి అందుతోందన్నారు.

అప్పుడు సూరప్పడు ముందుకొచ్చాడు. పద్దెనిమిదేళ్లలో అతను ఆ గొంతుతో మాట్లాడటం నేను వినలేదు.

"బాబుగోరూ, జీలుగువలస ఇక్కడికి ఆరు కిలోమీటర్లండి. ఇక్కడ తిరిగే ఆరూ ఆ రోడ్డు మీద తిరుగుతాను. ఊరు సేరేసరికి మీ వెయ్యీ నిండిపోతాది."

డీడీ గారు శాస్త్రిగారి వైపు చూశారు. శాస్త్రిగారు కళ్లు మూసుకుని ఆలోచించి తెరిచారు. దూరం సరిపోతుందనీ, కాదనననీ, కానీ రోడ్డుకి రౌండ్లు ఉండవు కాబట్టి కార్డులో ఎక్కించే మార్గం లేదనీ అన్నారు. పైగా డాక్టరు, పెట్టె, తాళ్లు ఎక్కితే ఆ ఆరు కిలోమీటర్లూ బరువుతో నడిచినవి అవుతాయి. అప్పుడు వెయ్యిలో ఆరు చెల్లవు, చెల్లని ఆరు వల్ల మిగతా తొమ్మిది వందల తొంభై నాలుగూ ప్రశ్నలో పడతాయి. ఇన్నాళ్ల శ్రమ ఒక్క పూట తొందరతో మట్టిలో కలపడమా అని అడిగారు. డీడీ గారికి నిజంగానే మనసు కరిగింది. మానవతా దృక్పథంతో, మధ్యలో విశ్రాంతి లేకుండా నలభై ఎనిమిదీ ఏకబిగిన పూర్తిచేయడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ఈ చర్చకి పావుగంట పట్టింది.

స్వర్ణలత గారు అప్పటికే గేటు వైపు నడుస్తోంది, ఆటో దగ్గరికి. పెట్టె ఇవ్వమని అడిగి, సీలు తీయడం కుదరదని విని, ఉత్త చేతులతోనే బయలుదేరింది. అప్పుడు నేను పిలిచాను. ఎవరూ నన్ను పిలవమనలేదు.

"అరగంటే మేడమ్" అన్నాను. "పెట్టె లేకుండా వెళ్లి మాత్రం ఏం చేస్తారు? తాళ్లు కూడా లేవు. నలభై ఎనిమిదే కదా."

ఆమె ఆగింది. నా మాటలో న్యాయం ఉంది, అందుకే ఆగింది. వెనక్కొచ్చి పోలమ్మ పక్కన నిలబడింది.

సూరప్పడు తిప్పడం మొదలుపెట్టాడు. వ్యాను మా ముందు నుంచి వెళ్లడం, పొగ రావడం, ఆఫీసు వెనక్కి మాయమవడం, మళ్లీ అటు మూల నుంచి రావడం. నేను టిక్కులు పెడుతున్నాను. పోలమ్మకి మొదట ఏం జరుగుతోందో తెలియలేదు. వ్యాను గేటు వైపు వచ్చినప్పుడల్లా కొంగు సర్దుకుని ఎక్కడానికి ముందుకు వెళ్లేది. అది పక్క నుంచి వెళ్లిపోయేది. నాలుగైదుసార్లు అలా వెళ్లాక ఆగిపోయి, చేతులు రెండూ తల మీద పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఇరవై దాటాక వ్యాను మూల మలుపు ఎక్కలేక దగ్గడం మొదలుపెట్టింది. ముప్ఫై ఒకటో టిక్కు పెడుతుండగా స్వర్ణలత గారు పోలమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లి ఆటో ఎక్కేసింది. అనుమతి లేకుండా వెళుతున్నారని శాస్త్రిగారు నాతో అన్నారు. సమయం రాసుకున్నాను.

నలభై ఎనిమిది పూర్తయ్యాయి. అందరం చప్పట్లు కొట్టాం. డీడీ గారు సర్టిఫికెట్ మీద సంతకం చేశారు, స్టోరు సీలు తీశారు, పెట్టె ఎక్కించారు, మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. వెయ్యి కిలోమీటర్లు నిండిన మా వ్యాను మొదటిసారి గేటు దాటి రోడ్డెక్కింది. రైలు గేటు దాటాక చిన్న గట్టు ఉంది. ఆ గట్టు సగంలో పొగ కమ్ముకుని ఆగిపోయింది. సూరప్పడు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని జీలుగువలసకి నడిచాడు. బరువు ఎవరి మీద వేయాలన్న దాని గురించి సంఘం ఏమీ రాయలేదు కాబట్టి అది తప్పు కాదు.

అతను చేరేసరికి అంతా అయిపోయింది. స్వర్ణలత గారు నూతి తాడు కోసి, దాంతోనే దూడ మడిచిన కాలు సర్ది బయటికి తీసిందట. గేదె బతికింది. దూడ బతకలేదు. అరగంట ముందు వచ్చుంటే బతికేదని ఆమె అందట. సూరప్పడు నాకు చెప్పాడు. మెల్లిగానే చెప్పాడు, నా మొహం చూడకుండా.

తర్వాత జరగవలసినవి జరిగాయి. గవర్రాజు ఇంజిను విప్పి, బోరు అద్దంలా నున్నబడిపోయిందని, మళ్లీ కొట్టించాలని చెప్పాడు. మృదుచాలనం విజయవంతంగా పూర్తయిన తర్వాతే ఇంజిను పాడైంది కాబట్టి రెంటికీ సంబంధం లేదని సంఘం తేల్చింది, నేను రాశాను. అనుమతి లేకుండా ఆఫీసు విడిచి, వాహనమూ పరికరాలూ లేకుండా వైద్యం చేసినందుకు స్వర్ణలత గారికి మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో ఇచ్చాం. అదీ నేనే రాశాను. ఒక్క కొట్టివేత లేదు. డీడీ గారి విధానాన్ని అన్ని డివిజన్లకీ విస్తరిస్తున్నట్టు పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఈసారి బిల్లు వెనక ఏమైనా రాయమని గవర్రాజుని అడిగితే, "నాను ఇంక కాయితం ముట్టను బాబూ" అని నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఇవన్నీ కాకముందే, ఆ గురువారం పోయాక వచ్చిన సోమవారమే, పోలమ్మ ఆఫీసుకి వచ్చింది. నేను ఏదో అర్జీ తెచ్చిందనుకుని తీసుకోవడానికి చెయ్యి చాపాను. ఆమె నా బల్ల మీద పెద్ద స్టీలు గిన్నె పెట్టి మూత తీసింది. జున్ను. బెల్లం వేసి, మిరియాలు కొట్టి, ఆవిరి మీద వండింది. అంత జున్ను నేను ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. డాక్టరమ్మకీ డ్రైవరు బాబుకీ తెచ్చానని, ఇంకా చాలా ఉంది కాబట్టి మిగతావాళ్లూ తినండని అంది. ఇంత తెచ్చావేమమ్మా, ఇంట్లో ఉంచుకోకపోయావా అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"దూడ తాగితే కదా బాబూ తగ్గడానికి. తాగేది నేదు, పాలన్నీ మిగిలిపోనాయి" అంది. "రెండు రోజులు సేపింది. ఇప్పుడు సేపడం మానేసింది. దూడ కోసం అరుస్తన్నాది. దూడ లేకపోతే పాలు దింపదు కదా, దానికి తెలిసిపోనాది."

అటెండరు ప్లేట్లు తెచ్చాడు. డీడీ గారి గదిలోకి ఒకటి వెళ్లింది. స్వర్ణలత గారు సెలవులో ఉంది. సూరప్పడు తన ప్లేటు తీసుకుని వెళ్లి వ్యాను ఉండే చోట, ఉత్త నేల మీద కూర్చున్నాడు. తినడం చూడలేదు. శాస్త్రిగారు రెండోసారి పెట్టించుకుని, జున్ను కుదిరింది గానీ మిరియం ఇంకాస్త పడాల్సిందన్నారు.

పోలమ్మ గిన్నె ఖాళీ అయ్యేదాకా నా బల్ల పక్కనే నిలబడింది. బల్ల మీద కార్డుల కట్ట ఇంకా అలాగే ఉంది, ఫైలులో కుట్టాలి. పైన ఉన్నది డెబ్బై అయిదోది. ఆమె వేలితో దాన్ని ముట్టుకుంది.

"ఆ రోజు అది తిరగతన్నప్పుడల్లా ఈ కాయితం మీద ఏటో గీసుకున్నారు కదా బాబూ. అదేటి?"

ఎన్ని చుట్లు అయ్యాయో గుర్తు అని చెప్పాను. ఇన్ని గళ్లు నిండితేనే వ్యాను కదులుతుందని చెప్పాను.

ఆమె కార్డు వైపు చూసింది, నా చేతిలో పెన్ను వైపు చూసింది. చదువు రాని మనిషి. కోపంగా అడగలేదు, తెలుసుకుందామని అడిగింది.

"మరి గీసేసుంటే సరిపోయేది కదా?"

నలభై ఎనిమిది గళ్లు. గబగబా పెడితే నిమిషం కూడా పట్టదు. నెలన్నరగా ఆ కార్డుల ముందు కూర్చున్నాను, ఆ గురువారం కూడా అక్కడే కూర్చున్నాను, పెన్ను నా చేతిలోనే ఉంది. ఒట్టేసి చెబుతున్నాను, నాకు తట్టలేదు.

ఆమె ఖాళీ గిన్నె తీసుకుని, కొంగుతో బల్ల తుడిచి వెళ్లిపోయింది. నా ప్లేటులో జున్ను అలాగే ఉండిపోయింది. శాస్త్రిగారు చూసి, నువ్వు తినకపోతే ఇలా ఇవ్వు అన్నారు.